వేడినీళ్ళ తిరుగుదారి

గోడలు కరిగిపోయే వేళ

రిటైరైనా ఒక అలవాటు మాత్రం నన్ను వదల్లేదు. పొద్దున్నే మౌలాలిలో బస్సెక్కి తార్నాకలో దిగుతాను. అక్కడి నుంచి యూనివర్సిటీ క్యాంపస్ దాకా నడక. ఇంటి పక్కనే పార్కు పెట్టుకుని ఇంత దూరం పోవడమేమిటని మా ఆవిడ సణుగుతుంది. ఆమెకు చెప్పలేదు గానీ నేను పోయేది నడకకు కాదు, ఇళ్ళు చూడ్డానికి.

మంచు ఇంకా విడవని ఆ వేళలో మెట్రో స్టేషన్ కింద నిలబడి చూస్తే, రోడ్డు పక్క అపార్ట్‌మెంట్ల గోడలు మెల్లగా కరిగిపోతాయి. ఇటుకలు పోతాయి, తలుపులు పోతాయి, కోచింగ్ సెంటర్ల బోర్డులు పోతాయి. నీళ్ళు మాత్రం మిగులుతాయి. పైన ట్యాంకుల్లో నిద్రపోయే నీళ్ళు. అక్కడి నుంచి నిలువునా దిగే నీళ్ళు. ఒక్కో అంతస్తులో చీలి, వంటింటి దాకా, బాత్రూం దాకా పోయి, ఎవరో ఒకరు వచ్చి నల్లా తిప్పకపోతారా అని చీకట్లో కాచుకుని ఉండే నీళ్ళు. ఉద్యోగమంతా గోడల లోపలి సంగతులతోనే గడిపినవాడికి గోడలు కనిపించకపోవడం వింతేమీ కాదు. ఆటోవాడు హారన్ కొట్టాక మళ్ళీ గోడలు మొలుస్తాయి, నేను పక్కకు జరుగుతాను.

క్యాంపస్ బిల్డింగ్ సెక్షన్‌లో ప్లంబర్‌గా చేరి, ఫోర్‌మన్‌గా దిగిపోయాను. ఈ మధ్యలో ఎవరు ఎవరిని దాటుకుని పైకి పోయారో, ఏ ఫైలు ఎవరి బల్ల మీద పడుకుందో రాయను. అవి చదివినందువల్ల ఎవరికీ ఒక్క నల్లా బాగు చేయడం రాదు. ఐటీఐ ముగించి ఈ పనిలోకి దిగుతున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికొచ్చి "మెయిన్‌గ ఏం నేర్చుకోవాలె అంకుల్?" అని అడుగుతారు. కోయడం, అతకడం తొందరగానే వస్తాయి. ఆ తర్వాత నేర్వాల్సింది, ఇంట్లో మనుషులు నీళ్ళతో ఎట్లా బతుకుతారనేది. ఆ పాఠానికి నా సర్వీసు మొత్తం చాల్లేదు. చివరి పాఠం రిటైరయ్యాక తార్నాకలో ఒక పసిపాప స్నానం దగ్గర దొరికింది. అది చెప్పడానికే ఇదంతా.

ముందు చెయ్యి, తర్వాత పానా

నాకు పని నేర్పింది ప్రసాదరావు గారు. కోనసీమ నుంచి వచ్చిన ఇంజనీరు. మాట మెత్తన, పట్టు గట్టిది. క్యాంపస్‌లో చెట్ల నడుమ ఒక పాత గెస్ట్‌హౌస్ ఉండేది. పొడుగాటి వరండా, దాని వెంట వరసగా గదులు, ఒక చివర వేడినీళ్ళ బాయిలర్. బాయిలర్ పక్క గదిలో నల్లా తిప్పితే పొగలు. వరండా అటు చివరి గదిలో తిప్పితే, బకెట్టు నిండి పొర్లినా చన్నీళ్ళే. పరీక్షలు పెట్టడానికి పై ఊళ్ళ నుంచి వచ్చే ప్రొఫెసర్లు చలికాలం ఆ గది పేరెత్తితే వణికేవారు.

ప్రసాదరావు గారు నన్ను బాయిలర్ దగ్గర నిలబెట్టి చెప్పారు. "వేడినీళ్ళని పంపడం ఎవడైనా పంపుతాడు యాదగిరీ. వాడకుండా మిగిలినవి ఇంటికి తిరిగి రావడానికి దారి పెట్టాలి. దారి లేకపోతే అక్కడే నిలబడి చల్లారిపోతాయి, పాపం."

పైపుల గురించి మాట్లాడుతూ పాపం అన్న మనిషిని అంతకు ముందు నేను చూడలేదు. అప్పుడు నవ్వుకున్నాను. తర్వాత ఆ వరండా వెంట రెండో పైపు ఒకటి సన్నగా వేసి, చిన్న పంపు పెట్టి, చివరి గది దాకా పోయిన వేడినీళ్ళను మళ్ళీ బాయిలర్‌కు చేర్చాం. ఇక నీళ్ళు పోతూ వస్తూ ఉంటాయి గనక ఎవరు ఎప్పుడు తిప్పినా వేడిగానే పడతాయి. మా వాళ్ళు దీన్ని రిటర్న్ లైను అంటారు. నాకు మాత్రం అది తిరుగుదారి.

ఆయన దగ్గర రెండు నియమాలుండేవి. ఒకటి, ఫిర్యాదు వచ్చిన ఇంట్లో ముందు అరచెయ్యి పెట్టి పైపులన్నీ తడమాలి. ఎక్కడ వేడి, ఎక్కడ గోరువెచ్చన, ఎక్కడ చల్లన. అది అయ్యేదాకా పానా ముట్టుకోకూడదు. రెండోది, ఏ పైపు పోయిందని అడక్కూడదు, ఇంట్లో ఏం మారిందని అడగాలి. "పైపు తనంతట తాను బుద్ధి మార్చుకోదయ్యా, మనిషి మారతాడు" అనేవారు.

ఒకసారి అదే గెస్ట్‌హౌస్‌లో మళ్ళీ చన్నీళ్ళు మొదలయ్యాయి. పంపు బాగానే ఉంది, బాయిలర్ బాగానే ఉంది. మేం తలలు గోక్కుంటుంటే ఆయన పోయి కొత్త వాచ్‌మన్ పక్కన కూర్చుని ఊరి సంగతులు అడిగారు. కాసేపటికి వాచ్‌మనే చెప్పాడు. "గా పైపు దినమంత మూలుగుతున్నది సార్. పానం బాగలేదేమో అని నేనే దాని వాల్వు బంద్ పెట్టిన." తిరుగుదారిని మూసింది జాలిపడిన మనిషి. ప్రసాదరావు గారు వాడిని ఒక్క మాట అనలేదు. పైపు కింద రబ్బరు ముక్క పెట్టించి మూలుగు ఆపారు, వాల్వు తెరిపించారు.

ఆయన తర్వాత వచ్చిన ఇంజనీరు గురించి కూడా చెప్పాలి, పేరు చెప్పను. ఆయనకు తెలిసిన మందు ఒక్కటే, ఇంకా పెద్ద పంపు. నీళ్ళు సన్నగా వస్తే పెద్ద పంపు, చల్లగా వస్తే పెద్ద పంపు, చప్పుడు వస్తే ఇంకా పెద్ద పంపు. తలనొప్పికి తలగడ మార్చినట్టు ఉండేది ఆయన వైద్యం. ఆ పంపుల ధాటికి పైపు మలుపులు అరిగిపోయి కారడం మొదలుపెట్టాయి. ఆ కారే మలుపుల్ని మార్చడంతోనే మాకు కొన్ని చలికాలాలు గడిచిపోయాయి. చెడ్డ మనిషి కాదు. తొందర మనిషి, అంతే.

పాత పైపు కోస్తే

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక తెలిసినవాళ్ళ ఇళ్ళలో పనులు ఒప్పుకున్నాను. తార్నాక పాత ఇళ్ళన్నిటిదీ ఒకే కథ. కట్టినప్పుడు వేసిన ఇనప పైపులు బయటికి గట్టిగా కనిపిస్తాయి. కోసి చూస్తే లోపల బోరునీళ్ళ ఉప్పు, తుప్పు కలిసి గడ్డకట్టి, నీళ్ళు పోయే సందు చిటికెనవేలంత మిగులుతుంది. అలాంటి ముక్క ఒకటి ఇప్పటికీ నా అల్మరాలో ఉంది. కంటికి దగ్గర పెట్టి అందులోంచి చూస్తే వెలుతురు ఎక్కడో దూరంగా, బావి అడుగు నుంచి చూసిన ఆకాశంలా కనిపిస్తుంది. మా మనవరాలు దాన్ని దుర్భిణి అంటుంది.

ఇక్కడ పిల్లలకు ఒక మాట నిక్కచ్చిగా చెబుతాను. పాత లైనులో మధ్య ముక్క ఒక్కటి మార్చి చేతులు దులుపుకోకండి. కారే చోట కొత్త ముక్క పెడితే, దాని పక్క పాత ముక్క రేపు కారుతుంది. మార్చితే మొత్తం మార్చండి, లేదంటే ఆ ఇంటివాళ్ళకు ఉన్నమాట చెప్పి వచ్చేయండి. గోడ మూసే ముందు పైపులు ఎటు పోయాయో ఫోన్‌లో ఫొటో తీసి ఇంటివాళ్ళకు ఇవ్వండి. మేకు కొట్టేటప్పుడు వాళ్ళు మిమ్మల్ని తలుచుకుంటారు.

అలా మొత్తం మార్చిన ఇళ్ళలో ఒకటి శారదమ్మ గారిది. ఆమెది గుంటూరు వైపు. ఆ ఇంటికి దగ్గర్లోనే బ్యాంకులో చేసి రిటైరయ్యారు. మూడంతస్తుల ఇల్లు. కింద తాను, పై రెండు అంతస్తుల్లో అద్దెకు పరిశోధన చేసే పిల్లలు. కూతురు మాధవి పురిటికి వస్తోందని, ఈలోగా పాత పైపులు పీకించి కొత్తవి వేయించాలని పట్టుబట్టారు. డాబా మీద సోలార్ హీటరు పెట్టాం. మూడంతస్తులకూ వేడినీళ్ళు దిగడానికి ఒక లైను, మిగిలినవి పైకి తిరిగి రావడానికి ఇంకో సన్నటి లైను, చిన్న పంపు. పని ముగిసిన రోజు సాయంత్రం కింది బాత్రూంలో నల్లా తిప్పితే వెంటనే వెచ్చటి నీళ్ళు పడ్డాయి. శారదమ్మ గారు ఆ నీళ్ళ కింద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డారు.

"మనవరాలో మనవడో, వచ్చేసరికి ఇల్లు సిద్ధంగా ఉందండీ" అన్నారు.

మనవరాలు పుట్టింది. చలికాలం నడుమ ఇంటికి తెచ్చారు.

నీళ్ళు పోసే బాలక్క

"పాపకి నీళ్ళు పొయ్యడానికి మంచి మనిషెవరన్నా ఉన్నారా యాదగిరి గారూ? నాకు మోకాళ్ళు వంగవు" అని శారదమ్మ గారు అడిగినప్పుడు నాకు తట్టిన పేరు ఒక్కటే, బాలక్క.

బాలక్కది గోల్నాక. మేం క్యాంపస్ క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు మా పిల్లలిద్దరికీ ఆమే నీళ్ళు పోసింది. మా పిల్లలకే కాదు, ఆ వరసలో ప్రతి ఇంటి పిల్లకూ ఆమే. పీట మీద కూర్చుని కాళ్ళు బార్లా చాపి, ఆ రెండు కాళ్ళ మధ్య పసిదాన్ని బోర్లా పడుకోబెట్టి, నూనె మర్దన చేసి, నలుగు పెట్టి రుద్ది, ఆవిర్ల మధ్య నీళ్ళు పోస్తుంటే, ఏడ్చే పిల్ల కూడా కాసేపటికి మూలిగి, కళ్ళు అరమోడ్చి, అలాగే నిద్రలోకి జారిపోయేది. సాంబ్రాణి పొగ వేసే సమయానికి ఏ లోకంలో ఉండేదో. చూస్తున్న నాకే నిద్రొచ్చేది.

ఈ మధ్య ఆమెకు పిలుపులు తగ్గాయి. చిన్న వయసు తల్లులు ప్లాస్టిక్ టబ్బులు కొంటున్నారు, ఫోన్‌లో చూసి నేర్చుకుంటున్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ కిందటేడు హబ్సిగూడలో ఒక ఇంట్లో "మీ వయసు ఎక్కువయింది, జారవిడుస్తారేమో" అని వద్దన్నారట. అది ఆమెకు గుచ్చుకుంది. శారదమ్మ గారి సంగతి చెప్పడానికి గోల్నాక పోతే, తలుపు దగ్గరే కూర్చోబెట్టి అన్నది.

"గిది చివరి ఇల్లు తమ్మి. ఈడ గూడ వద్దంటే ఇగ నేను ఎవ్వరింటికి పోను. కొడుకు తిండి పెడతడు, ఆ బాధ లేదు. గానీ పసిపిల్ల లేని చేతులు నాకు చేతులే గావు."

ఆమె మాట నా గుండెలో పడింది. పూచీ నాదని శారదమ్మ గారికి చెప్పి బాలక్కను ఆ ఇంట్లో పెట్టాను.

మొదటి రోజు నేను కూడా పోయాను. బాలక్క కింది బాత్రూం చూసి, గోడకున్న నల్లా చూసి మెచ్చుకుంది. వేడికో పిడి, చన్నీళ్ళకో పిడి, రెండూ కలిసి ఒక గొట్టం గుండా చేతి షవర్‌లోకి వస్తాయి. షవర్ మీద బొటనవేలితో నొక్కితే నీళ్ళు పడతాయి, వదిలితే ఆగుతాయి. ఆమె నీళ్ళ వేడి చూడ్డానికి మోచెయ్యి పెట్టింది.

"అరచెయ్యి పెట్టి చూడవా అక్కా? మా సార్ అట్లనే నేర్పిండు" అన్నాను.

"మీ సార్ పైపులకు స్నానం పోసిండు గావచ్చు. అరచెయ్యి మొద్దుబారి ఉంటది, అబద్ధమాడుతది. మోచెయ్యి ఆడదు" అన్నది.

చల్లారిన ఇల్లు

కొన్నాళ్ళకు శారదమ్మ గారి ఫోన్. గొంతులో మర్యాద ఉంది గానీ వెచ్చదనం లేదు.

"యాదగిరి గారూ, వేడినీళ్ళు రావటం లేదండీ. పాపకి సగం స్నానంలో చల్లబడిపోతున్నాయి. నిన్న గుక్కపట్టి ఏడ్చింది. పైనున్న పిల్లలూ గొడవ చేస్తున్నారు."

వెళ్ళాను. డాబా మీద పంపు సన్నగా పాడుతోంది. తిరుగుదారి వాల్వు తెరిచే ఉంది. ఎండ బాగానే కాస్తోంది. అయినా సోలార్ ట్యాంకులో నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి, పొద్దుటి పూట వేడిగా ఉండాల్సినవి. పై అంతస్తులో ఉన్న అమ్మాయి తల తుడుచుకుంటూ వచ్చి అన్నది. "అంకుల్, పాత గీజరు, పాత పైపులే నయం. లేటుగనన్నా వేడిగ వచ్చేటివి."

నాకు ఉక్రోషం వచ్చింది. పంపు విప్పి చూశాను, మళ్ళీ బిగించాను. సోలార్ గొట్టాలు తుడిచాను. మర్నాడు మళ్ళీ అదే. పెద్ద పంపు పెడితే పోలా అని ఒక్క క్షణం నాకే తోచింది. ఆ తొందర ఇంజనీరు ఎక్కడున్నా ఆ క్షణం హాయిగా నవ్వుకుని ఉంటాడు.

మూడోసారి పోయినప్పుడు శారదమ్మ గారు నన్ను హాల్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, గొంతు తగ్గించి మాట్లాడారు.

"నీళ్ళ తప్పు కాదేమోనండీ. బాలమ్మ గారికి చేతులు ఆడటం లేదు. నూనె, నలుగు, మళ్ళీ నూనె. అంతసేపు చేస్తే ఏ నీళ్ళయినా చల్లారతాయి కదా. ఆస్పత్రి వాళ్ళు వేరే ఆవిడని పంపుతామన్నారు. సోమవారం నుంచి వస్తుంది. బాలమ్మ గారికి మీరే చెప్పండి, మీరు పెట్టిన మనిషి."

కాఫీ కప్పు కింద పెట్టి వాకిలి వైపు చూశాను. వాకిట్లో బాలక్క చెప్పులు విడిచి ఉన్నాయి. అప్పుడే వచ్చి లోపల పాప కోసం నూనె వెచ్చజేస్తోంది. గోల్నాక వాకిట్లో ఆమె అన్న మాట నాకు వినపడుతూనే ఉంది. ఇది చివరి ఇల్లు.

"సోమవారం దాకా ఆగండమ్మా" అని మాత్రం అనగలిగాను.

ఇంట్లో ఏం మారింది?

ఆ రోజు క్యాంపస్‌లోకి పోయి కూర్చున్నాను. పాత గెస్ట్‌హౌస్ దగ్గర గంగరావి ఆకులు గాలికి గలగలమంటున్నాయి. మధ్యాహ్నం ఎండ, ఆకుల నీడలు, ఎక్కడో లైబ్రరీ వైపు నుంచి పిల్లల మాటలు. కళ్ళు మూతపడ్డాయి. కల అనాలో ఏమనాలో, శారదమ్మ గారి ఇల్లు గోడలు లేకుండా నా ముందు నిలబడింది. వేడినీళ్ళు ఎర్రగా దిగుతున్నాయి, చన్నీళ్ళు నీలంగా దిగుతున్నాయి, రెండూ పక్కపక్కనే, ఒకదాన్నొకటి తాకకుండా. కింది అంతస్తులో ఒక చోట మాత్రం నీలం మెల్లగా ఎరుపులోకి పోతోంది. అక్కడెవరో పాడుతున్నారు. పసిపిల్లకు పాడే పాట.

లేచి కూర్చున్నాను. ప్రసాదరావు గారు ఉంటే అడిగే ప్రశ్న ఒక్కటే. ఇంట్లో ఏం మారింది? పైపులు వేసిన వారం నీళ్ళు బాగున్నాయి. పై అంతస్తుల పిల్లలు పాతవాళ్ళే. పంపు అదే. మారింది ఒక్కటే, పాప వచ్చింది. పాపతో పాటు బాలక్క వచ్చింది.

మర్నాడు స్నానం ముగిసి పాప నిద్రపోయాక కింది బాత్రూంలోకి ఒక్కణ్ణే వెళ్ళాను. పానా తీయలేదు. అరచెయ్యి పెట్టి గోడ మీది నల్లా తడిమాను. వేడి వైపు కాలు, అంటే గోడలోంచి నల్లాకు వచ్చి కలిసే గొట్టం, అది కూడా చల్లగా ఉంది. అప్పుడు కనపడింది. వేడి పిడి తెరిచి ఉంది, చన్నీళ్ళ పిడి తెరిచి ఉంది. చేతి షవర్ కొక్కేనికి వేలాడుతోంది. దాని నోరు మూసి ఉంది గనక ఒక్క చుక్క పడ్డం లేదు. రెండు పిడుల మీదా నూనె మెరుస్తోంది.

అర్థమైంది కదా. బయటికి దారి లేని రెండు నీళ్ళు నల్లా లోపలే కలుస్తున్నాయి. పై అంతస్తులో ఎవరు వేడినల్లా తిప్పినా, బలంగా ఉన్న చన్నీళ్ళు ఈ నల్లా గుండా వేడి లైనులోకి దూరుతున్నాయి. మిగిలినవి మా తిరుగుదారి పట్టుకుని డాబా మీదికి పోయి, ట్యాంకునే చల్లారుస్తున్నాయి. ఇంట్లోకి వేడిని మోసుకురావాలని నేను వేసిన దారే చలిని ఇల్లంతా తిప్పుతోంది.

రెండు పిడులూ మూసి, డాబా ఎక్కి తిరుగు పైపు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఎండ పైకి వచ్చేకొద్దీ పైపు నా చేతి కింద మెల్లగా వెచ్చబడింది. జ్వరం తగ్గిన పిల్ల నుదురు మీద చెయ్యి వేసినప్పుడు కలిగే నెమ్మదే నాకప్పుడు కలిగింది. వెంటనే దిగులు కూడా కలిగింది. కారణం దొరికింది. ఆ కారణం బాలక్క.

ఈ పనిలో కొత్తవాళ్ళు కారణం దొరకగానే గట్టిగా అరిచి నలుగురినీ పిలుస్తారు. అలా చేయకండి. దొరికిన కారణం ఎవరి నెత్తిన పడుతుందో ముందు చూసుకోండి.

నూనె చేతులు

బాలక్క వెనక వరండాలో ఎండకు కూర్చుని కాళ్ళు ఒత్తుకుంటోంది. పక్కన కూర్చుని మెల్లగా అడిగాను.

"అక్కా, స్నానం అయినంక నల్లా పిడులు బంద్ చేస్తలేవా?"

"ఎందుకు చేస్త? నూనె చేతులు తమ్మి. పిల్లను పట్టుకునే చెయ్యి విడవరాదు. రెండో చేతితోని తిప్పుదమంటె పిడి జర్రున జారుతది. గందుకే మొదటి రోజే మోచేతికి కొలత చూస్కొని, గట్లనే పెట్టి ఉంచిన. షవర్ ఒత్తితె వస్తయ్, ఇడిస్తె ఆగుతయ్. ఈ మధ్య సల్లగైతున్నయని వేడిది ఇంకింత తిప్పిన."

చెప్పాను. దాచకుండా మొత్తం చెప్పాను. ఆమె నమ్మలేదు. "గింత నల్లాకెల్లి మూడంతస్తులు సల్లగైతయా?" అన్నది. నవ్వింది కూడా. డాబా మీదికి తీసుకుపోయి తిరుగు పైపు మీద ఆమె మోచెయ్యి పెట్టించాను. వెచ్చగా ఉంది. కిందికి పోయి రెండు పిడులూ ఆమె వదిలినట్టే తెరిచి వచ్చాను. పై అంతస్తులో అమ్మాయి బట్టలు తడపడానికి వేడినల్లా తిప్పింది. పైపు మీద మోచెయ్యి ఉంచిన బాలక్క మొహంలో నవ్వు, ఆ పైపులో వేడి, రెండూ కలిసే తగ్గాయి.

పైపు మీంచి మోచెయ్యి తీసి కొంగుతో తుడుచుకుంది. తర్వాత అన్నది. "అంటె, పిల్ల ఏడ్చింది నా వల్లనే."

"నీ వల్ల కాదక్కా. నూనె వల్ల, ఆ నున్నటి పిడి వల్ల. నేను పోయి శారదమ్మ గారికి చెప్త, నల్లా లోపల పార్టు పోయిందని."

ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తు. "నా కోసం అబద్ధమాడుతవా? నీ అరచెయ్యి లెక్కనే ఉన్నవ్ నువ్వు గూడ" అని లేచింది. నేను ఆపేలోగా మెట్లు దిగి హాల్లోకి పోయింది. శారదమ్మ గారు, మాధవి సోఫాలో ఉన్నారు. పాప మాధవి ఒళ్ళో నిద్రపోతోంది.

"అమ్మా, నీళ్ళు సల్లగ జేసింది నేనే. తమ్మి పైపులు మంచిగనే ఉన్నయ్. నూనె చేతులతోని తిప్పరాక నల్లా తెరిచి పెట్టిన. గట్లయితదని నాకెర్క లేదు. రేపటి నుంచి రాకు అంటే రాను. గానీ చేతులాడక పిల్లను ఏడిపిచ్చినవ్ అని మాత్రం అనకుండ్రి."

శారదమ్మ గారు నావైపు చూశారు. నేను తలూపాను, అది ఎట్లా జరుగుతోందో రెండు మాటల్లో చెప్పాను. ఆమె ఏదో అనబోతుంటే మాధవి మాట్లాడింది. ఆ అమ్మాయి అంత గట్టిగా మాట్లాడగా నేను అంతకు ముందు వినలేదు.

"అమ్మా, వేరే ఆవిడ వచ్చినా నూనె చేతులే కదా? పాపని పట్టుకున్న చెయ్యి వదిలి నాబ్ తిప్పమంటావా? నీళ్ళు పోసేటప్పుడు పక్కన ఇంకో మనిషి ఉండాలి. నువ్వేమో గుమ్మంలో నిలబడి మీ అల్లుడికి వీడియో తీస్తావు."

శారదమ్మ గారికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కాసేపు కూతురి ఒళ్ళో ఉన్న పాపను చూశారు. "మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని నీళ్ళు తొలిపి అందించేది. మా నాయనమ్మ పోసేది. నిజమే, ఒక్కరే చేసే పని కాదు ఇది" అన్నారు. తర్వాత బాలక్కతో, "నా నోట ఆ మాట వచ్చింది. రాకూడదు. కూర్చోండి బాలమ్మ గారూ, టీ తాగుదురు గానీ" అన్నారు.

ఆస్పత్రికి ఫోన్ చేసి ఎవరినీ పంపొద్దని మాధవే చెప్పింది.

మోచేతి నల్లా

మా క్యాంపస్ హెల్త్ సెంటర్‌లో డాక్టర్లు చేతులు కడుక్కునే చోట పొడుగాటి పిడుల నల్లాలు ఉండేవి. కడిగిన చేతులకు అంటకుండా మోచేత్తో తోస్తే తెరుచుకుంటాయి, తోస్తే మూసుకుంటాయి. వాటిని నేనే బిగించాను, నేనే ఎన్నోసార్లు రిపేరు చేశాను. అవి ఇళ్ళల్లో పెట్టే వస్తువని నాకెప్పుడూ తోచలేదు. మర్నాడు రాణిగంజ్ దుకాణాలన్నీ తిరిగి అలాంటిదే ఒకటి పట్టుకున్నాను. దాని రెండు కాళ్ళకూ నీళ్ళు వెనక్కి పోనివ్వని చిన్న వాల్వులు కూడా పెట్టాను. ఇక పిడి మూయడం ఎవరు మరిచినా చన్నీళ్ళు వేడి లైనులోకి దూరలేవు. మనిషి మరపు మీద కోపం తెచ్చుకోవడం కన్నా ఒక వాల్వు పెట్టడం సులువు. ఇది కూడా రాసి పెట్టుకోండి.

బాలక్క పీట మీద కూర్చుని చూసుకుంది. పాప లేకుండా, ఉత్త చేతులతో ఒకసారి, నూనె రాసుకుని ఒకసారి. మోచేత్తో వేడి పిడిని తోసింది, చన్నీళ్ళ పిడిని తోసింది, అదే మోచెయ్యి నీళ్ళ కింద పెట్టింది, ఇంకాస్త జరిపింది. కొలత కుదిరిన చోట గుర్తుండాలని మాధవి తన నుదుటి బొట్టుబిళ్ళ తీసి పిడి చివర ఎదురుగా గోడ టైలు మీద అంటించింది. రెండో పిడికి ఇంకో బొట్టుబిళ్ళ తెచ్చింది.

తర్వాతి పొద్దున స్నానానికి నేను తలుపు బయట నిలబడ్డాను. శారదమ్మ గారు లోపల ముక్కాలిపీట వేసుకుని తువ్వాలు పట్టుకుని కూర్చున్నారు. ఫోన్ హాల్లోనే ఉంది. నీళ్ళ చప్పుడు మొదలైంది. పాప కాస్త ఏడ్చింది, మూలిగింది, ఊరుకుంది. పైన ఎవరో వేడినల్లా తిప్పారు, పైపుల్లో ఆ నీళ్ళ కదలిక నాకు వినిపించింది. కింద పాప ఏడవలేదు. బాలక్క ఏదో కూనిరాగం తీస్తోంది. తలుపు సందు నుంచి ఆవిరి, నలుగుపిండి వాసన వస్తున్నాయి. గోడలన్నీ మళ్ళీ కరిగిపోయినట్టే అనిపించింది. నా ఉద్యోగం మొత్తంలో నేను చేసిన పని ఏమిటో ఆ తలుపు బయట నిలబడ్డప్పుడు నాకు తెలిసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గేం లేదు, అవీ వేడినీళ్ళే.

పాపకిప్పుడు మెడ నిలిచింది, బోర్లా పడుతోంది. బాలక్కను ఆ వీధిలో ఇంకో ఇద్దరు తల్లులు పిలిచారు. ఆమె ఇప్పుడు ఎవరి ఇంటికి పోయినా ముందు బాత్రూం చూస్తుంది, నల్లా పిడి చూస్తుంది, పెదవి విరుస్తుంది. నిన్న నేను నడక ముగించి మెట్రో స్టేషన్ కింద బస్సు కోసం నిలబడి ఉంటే ఫోన్ చేసింది. వెనకాల ఎక్కడో పసిపిల్ల ఏడుపు.

"తమ్మి, హబ్సిగూడలో నన్ను వద్దన్న ఇల్లు యాదికుందా? గా ఇంట్ల రెండో బిడ్డ పుట్టిందట. నన్నే రమ్మన్నరు. మోచేతి నల్లా పెడితెనే పోస్త అని చెప్పిన, సరేనన్నరు. పానా తీస్కొని రా."

నడకకు వచ్చినా పానా నా సంచిలోనే ఉంటుంది. మౌలాలి బస్సు వచ్చి ఆగింది. నేను ఎక్కలేదు, హబ్సిగూడ వైపు నడిచాను.